పోలిక కోసం ఉంచిన ఊరు

చీటీలు తీసిన రోజు నేను లేను.
మునిసిపాలిటీ హాల్లో, ఎవరిదో టోపీలో
నూట ముప్పై ఊళ్ళ పేర్లు వేశారట.
బడిపిల్ల ఒకతి కళ్ళు మూసుకుని తీసిందట.
సగం ఊళ్ళకి తేనెపెట్టెలు.
మిగతా సగానికి
ఏమీ లేదు.

ఒప్పందం సులువైనదే:
కొండమీది మబ్బుల అడవిని నరక్కండి,
ఆవుల్ని వాగులోకి దించకండి.
కింద పట్నం తాగేది మీ నీళ్ళే గనక
నీటిబిల్లుల్లోంచి కొంత తీసి
పది హెక్టార్లకి ఒక పెట్టె, ఈగలతో సహా.
ఐదేళ్ళయ్యాక వచ్చి
తేడా ఎంతో చెప్పడం నా పని.

కీన్యల్ ఊరికి ఏమీ రాలేదు.
ఏమీ రాని ఊరొకటి ఉంటేగాని
వచ్చిన ఊరికి ఏం ఒరిగిందో తెలియదు.
శాంతాక్రూజ్‌లో, ఏసీ గదిలో, తెల్లబోర్డు మీద
ఈ వాక్యం ఎంత అందంగా ఉండేదో!

ఇక్కడ దొన్యా ఎర్మెలిందా
గడపలో మొక్కజొన్నలు వలుస్తూ అడిగింది:
"ఏటా వచ్చి మా వాగునీళ్ళు సీసాల్లో పడతారు.
ఆవులెన్నని అడుగుతారు, పిల్లల విరేచనాలు కూడా అడుగుతారు.
ఇచ్చేదేం లేనప్పుడు
ఇంత శ్రద్ధ దేనికమ్మా?"

మీరు పోలిక, అన్నాను.

గింజలు రాలడం ఆగలేదు.
"పక్క ఊరు బాగుపడిందని తెలియాలంటే
మేం ఇలాగే ఉండాలన్నమాట."
కోపం లేదు.
సాయంత్రం వాన పడుతుందన్నట్టు అంది.

కరెంటు లేని చోట క్రిములు మొలవాలంటే
ఒంటి వేడి కావాలి.
నీటిచుక్కలు పోసిన పలకల్ని గుడ్డలో చుట్టి
పొట్టకి కట్టుకుని పడుకున్నాను,
బోర్లా తిరక్కుండా, నెలలు నిండినదానిలా.
ఎవరి ఆవు పేడో, ఎవరి పసివాడి జబ్బో
నా వెచ్చదనంలో రాత్రంతా పొదిగి
తెల్లారేసరికి నీలిచుక్కలయ్యాయి.
లెక్కపెట్టాను: నలభై ఏడు.
గట్టు అవతల అగ్వాదితలో,
ఐదేళ్ళు మాట నిలబెట్టుకున్న ఊళ్ళో,
నలభై నాలుగు.

అరవై పెట్టెలకి మూడు చుక్కలు.
మేయరుకి ఈ అంకె ఏ గొంతుతో చెప్పాలి?
అడవి నిలిచింది నిజమే,
ఉపగ్రహం తీసిన ఫోటోలో నిగనిగలాడుతోంది.
కానీ ఎక్కడ నిలిచింది?
మేకలు కూడా కాలు జారే ఏటవాలులో.
గొడ్డలికి తాతలనాటి నుంచీ అందని చెట్లని
ఇకపై నరకమని సంతకం పెట్టారు సగంమంది.
వాళ్ళ చోట ఉంటే నేనూ అదే పెట్టేదాన్ని.
వాగొడ్డు మాత్రం ఎప్పటిలాగే ఆవులది.

బయల్దేరుతుంటే ఎర్మెలిందా పెరట్లోకి పిలిచింది.
చాలా ఏళ్ళుగా రొట్టె కాల్చని మట్టిపొయ్యి.
దాని నోట్లోంచి ఒక గుసగుస.
చెయ్యి దగ్గర పెడితే వెచ్చగా, సన్నగా వణుకుతోంది.

"పోయిన అక్టోబరులో గట్టు దాటి వచ్చాయి.
చీటీలో మా పేరు రాలేదని
వాటికెవరూ చెప్పలేదు కాబోలు.
అప్పట్నుంచి మా సెవేరో
వాగు పక్కనున్న పూలచెట్ల జోలికి పోవడం లేదు.
ఆవుల్ని కూడా పైనుంచి తిప్పుతున్నాడు, ఈగలు కుడతాయని."
కాస్త ఆగి,
"ఇది కూడా రాసుకుంటావా?"

నా ఫారంలో దీనికో గడి ఉంది.
'పోలిక చెడింది' అని దాని పేరు.
టిక్కు పెడితే
ఈ ఊరు లెక్కలోంచి పోతుంది,
ఆ నలభై ఏడుతో, పొయ్యితో,
సెవేరో చుట్టుదారితో సహా.

పెన్ను మూత తీశాను.
అంతలో ఆమె నా అరచేతిలో
మైనంతో పాటే ఒక ముక్క పెట్టింది.
నములు, మింగకు, అంది.

లారీలో ఆరుగంటలు.
తీపి రెండో మలుపు దగ్గరే అయిపోయింది.
మైనం మాత్రం పళ్ళ మధ్య
ఏ ఆకారానికీ రాకుండా నలుగుతూనే ఉంది.
పట్నంలో దిగి, కొళాయి తిప్పి,
ఆ నీళ్ళతోనే పుక్కిలించాను.

గడి ఇంకా ఖాళీ.